రాయి చేతికి రాని భూగర్భశాస్త్రం

ఆయువు తీరిన నక్షత్రాల చుట్టూ తిరుగుతున్న రాళ్ల పొడి గురించి ఇద్దరు వాదించుకున్న మాటలివి. ఒకాయన ఏళ్ల తరబడి కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పి రిటైరైన అధ్యాపకుడు. రాయిని సుత్తితో కొట్టి, పలచగా కోసి, మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే తప్ప ఏ మాటా ఒప్పుకోరు. రెండో ఆమె ఆయన అన్నగారి అమ్మాయి. శ్వేత మరుగుజ్జు నక్షత్రాల వర్ణపటాలు చదవడం ఆమె పని. ఇతర సూర్యుళ్ల చుట్టూ తిరిగిన లోకాలు దేనితో తయారయ్యాయో మూలకాల వారీగా తూచి చెప్పగలిగే చోటు ఇప్పటికి మనకు ఇదొక్కటే అని ఆమె అంది. ఆయన ఒప్పుకోలేదు.

బాబాయి: తూచడం అన్నావు చూడు, నాకు పేచీ అక్కడే. తూచాలంటే వస్తువు చేతిలో ఉండాలి. నీ చేతిలో ఉన్నది వెలుతురు. అందులో కాల్షియం గీత ఒకటి కనిపించింది. కాల్షియం ఎక్కడ లేదమ్మా? తాండూరు బండలో ఉంది, దక్కన్ బసాల్టులో ఉంది, మన ఎముకల్లో ఉంది, నక్షత్రాల మధ్య పరుచుకున్న మబ్బుల్లోనూ ఉంది. గీత కనబడిందని గ్రహం ముక్క దొరికిందంటే ఎలా?

అమ్మాయి: అసలు ఆ గీత అక్కడ ఉండకూడదు బాబాయ్. కథంతా అక్కడే మొదలైంది. సూర్యుడి లాంటి నక్షత్రం ఇంధనం అయిపోయి, ఉబ్బి, పైపొరలన్నీ వదిలేసుకున్నాక మిగిలే నడిగుండె శ్వేత మరుగుజ్జు. బరువు సూర్యుడి బరువులో సగానికి పైన, సైజు మాత్రం భూమంత. దాని ఉపరితలం మీద గురుత్వం మన భూమి మీదకన్నా లక్ష రెట్లు. అంత లాగుడులో బరువైన మూలకాలు పైన నిలవలేవు. హైడ్రోజనో హీలియమో పైన మిగులుతుంది, కాల్షియం, ఇనుము, సిలికాన్ లోపలికి దిగిపోతాయి. వేడిగా ఉన్న హైడ్రోజన్ నక్షత్రంలో అందుకు కొన్ని రోజుల నుంచి కొన్నేళ్లు చాలు. చల్లబడిన హీలియం నక్షత్రంలో పదిలక్షల ఏళ్లు పట్టొచ్చు. కానీ ఆ నక్షత్రాలు మరుగుజ్జులై కోట్ల ఏళ్లు, వందల కోట్ల ఏళ్లు గడిచాయి. పుట్టుకతో ఉన్నదేదీ ఈపాటికి పైన మిగలదు. అయినా కనిపిస్తోందంటే ఈ మధ్య పడి ఉండాలి, లేదా ఇప్పుడూ పడుతూ ఉండాలి. ఇది ఎక్కడో ఒకటి రెండు చోట్ల కనిపించే వింత కూడా కాదు. శ్రద్ధగా వెతికిన వాటిలో పావు వంతు నుంచి సగం దాకా ఇలా మైలపడ్డ నక్షత్రాలే.

బాబాయి: పడిందనేది ఒప్పుకుంటాను. ఏం పడిందన్నదే ప్రశ్న. దారిలో ఉన్న ధూళి మబ్బులోంచి నక్షత్రం వెళ్లినప్పుడు కాస్త పోగుచేసుకుని ఉండకూడదా?

అమ్మాయి: దశాబ్దాలపాటు పెద్దవాళ్లంతా అలాగే అనుకున్నారు. అంతకుముందైతే ప్రశ్నే పుట్టలేదు. 1917లో అమెరికాలోని మౌంట్ విల్సన్ అబ్జర్వేటరీలో అడ్రియాన్ వాన్ మానెన్ మీనరాశిలో వేగంగా కదులుతున్న ఒక మసక నక్షత్రాన్ని పట్టుకున్నారు. మనకు 14 కాంతి సంవత్సరాల దూరం. అదే ఏడు వాల్టర్ ఆడమ్స్ దాని వర్ణపటాన్ని గాజు పలక మీద తీశారు. నక్షత్రం వెలుగు సన్నటి పట్టీలా పడి ఉంటుంది. ఆ పట్టీ ఊదా రంగు కొసన రెండు చోట్ల తెగినట్టుంటుంది. అవే కాల్షియం గీతలు. సూర్యుడికన్నా కాస్త వేడి నక్షత్రంలా ఉందని పలక కవరు మీద చేత్తో రాసి బీరువాలో పెట్టేశారు. దాదాపు వందేళ్ల తర్వాత జే ఫరీహీ అనే శాస్త్రవేత్త అడిగితే కార్నెగీ సంస్థ వాళ్లు పాత పలకల్లోంచి వెతికి తీశారు. సౌరకుటుంబం బయట గ్రహ వ్యవస్థ ఉందనడానికి మనిషి చేతికొచ్చిన మొదటి సాక్ష్యం ఆ పలకే. మొదటి బాహ్యగ్రహాలు బయటపడటానికి డెబ్భై ఏళ్లకు పైగా ముందే అది దొరికింది.

బాబాయి: చూసినవాళ్లకు కూడా ఏమిటో తెలియనిదాన్ని సాక్ష్యమనకు. ఆ పలక మీద ఉన్నవి రెండు గీతలు. మిగతాదంతా తర్వాతి వాళ్లు నేర్చుకున్న భౌతికశాస్త్రం. పైగా కాల్షియమే ఎందుకు కనిపించాలి? భూమి మొత్తంలో దాని వాటా 2 శాతం లోపే.

అమ్మాయి: ఎక్కువ ఉండటం వల్ల కాదు, ఆ ఉష్ణోగ్రతలో గట్టిగా పలుకుతుంది కాబట్టి. ఏ వేడిలో ఏ మూలకం ఎంతమేర అయాన్లుగా మారుతుందో 1920లో మేఘనాథ్ సాహా సమీకరణం చెప్పింది. కాల్షియం అయాన్ కంటికి కనిపించే వెలుగులోనే బలమైన గీత గీస్తుంది. ఆక్సిజన్, కార్బన్ లాంటివాటి గీతలు చాలావరకు అతినీలలోహితంలో ఉంటాయి, వాటికోసం హబుల్ టెలిస్కోపు దాకా వెళ్లాలి. గీత ఎంత లోతుంటే మూలకం అంత ఎక్కువని మేమెవరం లెక్కగట్టం. సాహా సమీకరణం గుండా వెళ్లి, పరమాణువుల లెక్కలోకి మార్చుకున్నాకే మాట్లాడతాం.

ఇక మీ మబ్బు సంగతి. నక్షత్రాల మధ్య వాయువులో కాల్షియం పరమాణువు ఒక్కటి ఉంటే హైడ్రోజన్ పరమాణువులు దాదాపు 5 లక్షలు ఉంటాయి. మబ్బు పడితే రెండూ కలిసే పడాలి. హీలియం పొర ఉన్న నక్షత్రాన్ని తీసుకోండి. హైడ్రోజన్ అన్నిటికన్నా తేలిక, అది ఎప్పటికీ కిందికి దిగదు. పడ్డదంతా పైనే పోగవుతుంది. ఈ నక్షత్రాల్లో కాల్షియం ఉంది, దాని వెంట రావలసినంత హైడ్రోజన్ లేదు. కార్బన్ చూడండి. సూర్యుడిలో ఆక్సిజన్ పరమాణువులు రెండుంటే కార్బన్ ఒకటి ఉంటుంది. వీటిలో ఎక్కువ వాటికి కార్బన్ అట్టడుగున ఉంది. ఆక్సిజన్, మెగ్నీషియం, సిలికాన్, ఇనుము ఈ నాలుగూ కలిసి 90 శాతం పైన ఉన్నాయి. హైడ్రోజన్ లేదు, కార్బన్ లేదు, ఉన్నదంతా ఈ నాలుగే. దాన్ని ఏమంటారో మీరే చెప్పండి.

బాబాయి: సిలికేట్ రాయంటాను. భూమిని పొడిచేసినా ఆ నాలుగే 90 దాటతాయి. సరే, మబ్బు మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ రాయి అక్కడికెలా వచ్చింది? మరుగుజ్జు కాకముందు ఆ నక్షత్రం అరుణ మహాతారగా ఉబ్బిందన్నావు. దగ్గరలో ఏముంటే అది దాని కడుపులో కలిసిపోయి ఉండాలి.

అమ్మాయి: కలిసిపోయింది కూడా. మన సూర్యుడు ఇంకో 500 కోట్ల ఏళ్లకు ఉబ్బినప్పుడు బుధుడు, శుక్రుడు పోతాయి. భూమి సంగతి ఇదమిత్థంగా తేలలేదు. గురుడు, శని, అంగారకుడి అవతల తిరిగే గ్రహశకలాలు మిగులుతాయి. సూర్యుడు దాదాపు సగం బరువు పోగొట్టుకుంటాడు కాబట్టి మిగిలిన వాటి కక్ష్యలు రెండింతలవుతాయి. లాగే నక్షత్రం తేలికైనా గ్రహాల బరువు తగ్గదు కదా. అంతకాలం ఒకదాన్నొకటి కదల్చకుండా తిరిగినవి అప్పుడు కదల్చడం మొదలుపెడతాయి. ఎక్కడో ఒక గ్రహశకలం దారి తప్పి నక్షత్రం వైపు దూసుకొస్తుంది. నక్షత్రానికి సూర్యుడి వ్యాసార్థమంత దూరంలోకి రాగానే, ఇటు పక్కకూ అటు పక్కకూ లాగుడులో ఉండే తేడాకే అది పగిలి ముక్కలవుతుంది. ముక్కలు ఒకదానికొకటి కొట్టుకుని ధూళి అవుతాయి, ధూళి బిళ్లలా పరుచుకుంటుంది, లోపలి అంచు నుంచి కొంచెం కొంచెంగా నక్షత్రం మీదికి రాలుతుంది.

బాబాయి: చెప్పడానికి బాగానే ఉంది. చూసిందెవరు?

అమ్మాయి: చూశారు. ముందు చూసినవాళ్లు వేరే ఏదో అనుకున్నారు. 1987లో బెన్ జుకర్‌మన్, ఎరిక్ బెక్లిన్ హవాయి నుంచి చూస్తే జీ29-38 అనే మరుగుజ్జు పరారుణంలో ఉండాల్సిన దానికన్నా ఎక్కువ వెలుగుతోంది. పక్కన చల్లటి చిన్న నక్షత్రం లాంటిదేదో దాగుందనుకున్నారు. తర్వాత పరిశీలనల్లో అది ధూళి అని తేలుతూ వచ్చింది. 1997లో అదే నక్షత్రంలో కాల్షియం దొరికింది. 2003లో మైఖేల్ జురా ఈ రెండింటినీ కలిపి, పగిలిన గ్రహశకలం తాలూకు ధూళి బిళ్ల అని లెక్కలు వేసి చూపించారు. స్పిట్జర్ టెలిస్కోపు ఆ ధూళి వెలుగును విడదీసి చూస్తే అందులో సిలికేట్ ధూళి గుర్తు, పది మైక్రాన్ల దగ్గర, స్పష్టంగా ఉంది. మీ ఆలివిన్ జాతి ఖనిజాలు బాబాయ్! వేడి ధూళిగా తిరుగుతున్నాయి. 2022లో చంద్ర ఎక్స్-రే టెలిస్కోపుతో టిమ్ కన్నింగ్‌హామ్ బృందం అదే నక్షత్రం మీద రాలుతున్న పదార్థం దాదాపు పదిలక్షల డిగ్రీల వేడికి చేరి ఇస్తున్న ఎక్స్-రేలను పట్టుకుంది. సెకనుకు వెయ్యి టన్నులకు పైగా పడుతోంది.

అడ్డంగా పోతుంటే చూసిన సందర్భం కూడా ఉంది. కన్యారాశిలో డబ్ల్యూడీ 1145+017. 2015లో ఆండ్రూ వాండర్‌బర్గ్ కెప్లర్ టెలిస్కోపు సమాచారంలో పట్టుకున్నారు. నాలుగున్నర గంటలకోసారి వెలుగు పడిపోతోంది, ఒక్కోసారి 40 శాతం దాకా. గ్రహం అడ్డొస్తే ప్రతిసారీ ఒకే తీరుగా తగ్గి ఒకే తీరుగా పెరగాలి. ఇక్కడ అలా లేదు. ఒక పక్క నిటారుగా పడి, ఇంకో పక్క తోకలా సాగుతోంది. ఇవాళ ఉన్న గుంట కొన్నాళ్లకు రూపు మారిపోతోంది. చిన్న టెలిస్కోపులున్న ఔత్సాహికులు కూడా రాత్రుళ్లు కూర్చుని వెంటాడారు. అదే నక్షత్రం వర్ణపటంలో మెగ్నీషియం, అల్యూమినియం, సిలికాన్, కాల్షియం, ఇనుము, నికెల్ ఉన్నాయి. అదే నక్షత్రానికి పరారుణ వెలుగూ ఎక్కువే. రాయి పగలడం, ధూళి బిళ్ల, నక్షత్రం మీద మైల, మూడూ ఒకే చోట. ఆ కక్ష్య నక్షత్రానికి 8 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంది. అరుణ మహాతార కోట్ల కిలోమీటర్లు ఉబ్బింది కాబట్టి ఆ రాయి మొదటినుంచీ అక్కడ ఉండే అవకాశమే లేదు. తర్వాతే వచ్చింది.

బాబాయి: రాయని ఒప్పుకున్నాను, పగిలిందనీ ఒప్పుకుంటున్నాను. అయితే అది ఏ రాయో తెలిసిందని నువ్వనేది మాత్రం ఒప్పుకోను. మీకు దొరికేది మూలకాల జాబితా. రాయంటే మూలకాల మూట కాదు. అవే మూలకాలు, అవే పాళ్లు, ఒకచోట నెమ్మదిగా చల్లారితే కణికలు కణికలుగా గాబ్రో అవుతుంది, ఇంకోచోట బయటికొచ్చి గబగబా చల్లారితే బసాల్టు. మిల్లీమీటరులో 3 శాతం మందాన కోసిన ముక్కను రెండు పోలరాయిడ్‌ల మధ్య తిప్పి చూస్తే ఆ రాయి ఎక్కడ పుట్టిందో, ఎంత లోతులో, ఎంత వేడిలో ఉందో చెబుతుంది. మీ నక్షత్రం దాన్ని ఆవిరి చేసి పరమాణువులుగా విడగొట్టింది. ఆ పుటంలో రాయి తన చరిత్ర మొత్తం పోగొట్టుకుంది.

అమ్మాయి: ఖనిజాల అమరిక పోయింది, నిజమే. పరమాణువుల లెక్క మాత్రం పోలేదు. పోనీ, మీ ప్రయోగశాలలో రాయి విశ్లేషణ కాగితం మీద ఎలా రాస్తారు?

బాబాయి: ఆక్సైడ్‌లుగా. సిలికా ఇంత శాతం, అల్యూమినా ఇంత, ఐరన్ ఆక్సైడ్, మెగ్నీషియా, సున్నం ఇంతింత. అన్నీ కూడితే వందకు దగ్గరగా రావాలి. రాకపోతే చేసినవాడు తప్పు చేశాడు, లేదా రాతిలో నీళ్లున్నాయి.

అమ్మాయి: మేమూ అదే చేస్తాం. జీడీ 61 అనే మరుగుజ్జు ఉంది. 2013లో ఫరీహీ, బోరిస్ గాన్సికె, డెట్లెవ్ కోస్టర్ దాని లెక్క తీశారు. మెగ్నీషియం పరమాణువుకు ఒక ఆక్సిజన్ ఇచ్చారు. సిలికాన్‌కు రెండు, కాల్షియానికి ఒకటి, ఇనుముకు ఒకటి, రెండు అల్యూమినియంలకు మూడు. అన్నిటి వాటా ఇచ్చేశాక ఇంకా బోలెడు ఆక్సిజన్ మిగిలింది. కార్బన్ దాదాపు లేదు కాబట్టి కార్బన్ డయాక్సైడ్‌గా వచ్చిందనడానికి లేదు. ఇక దానికి జతగా మిగిలింది హైడ్రోజనే. ఆ శకలం బరువులో 26 శాతం నీళ్లు. రాతి శకలం, అందులో నీళ్లు, అదీ వేరే సూర్యుడి దగ్గర!

బాబాయి: ఆగు. ఇనుమంతా ఆక్సైడ్‌గానే ఉందని ఎవరు చెప్పారు? భూమిలో ఇనుము ఎక్కువ భాగం లోహంగానే ఉంది, నడిగర్భంలో.

అమ్మాయి: లోహంగా ఉంటే ఆక్సిజన్ తీసుకోదు. అప్పుడు మిగులు ఇంకా పెరుగుతుంది.

బాబాయి: అవును. నీళ్లు పెరుగుతాయే తప్ప తగ్గవు. ఆ వైపు నుంచి నిన్ను పట్టుకోలేను.

అమ్మాయి: అదే పద్ధతి తిప్పి వాడి 2019లో అలెగ్జాండ్రా డోయల్, ఎడ్వర్డ్ యంగ్ బృందం ఆరు మరుగుజ్జుల మీద పడిన రాళ్లలో ఇనుము ఎంత మేర ఆక్సిజన్‌తో కలిసి ఉందో లెక్కగట్టింది. భూమి, అంగారకుడు, మన గ్రహశకలాలు ఎలా ఉన్నాయో అవీ దాదాపు అలాగే ఉన్నాయి. రాతి లోకాలు తయారయ్యే తీరు మన దగ్గరొక్కచోటే ప్రత్యేకం కాదని చెప్పడానికి నాకు తెలిసినంతలో ఇంతకన్నా నేరుగా దొరికే రుజువు లేదు.

బాబాయి: ఇప్పుడు నా అసలు అభ్యంతరం విను. ఇందాక నువ్వే అన్నావు, బరువైనవి దిగిపోతాయని. అన్నీ ఒకే వేగంతో దిగవు కదా? గోదావరి వరద నీళ్లు బిందెలో పట్టి పెడితే ఇసుక ముందు దిగుతుంది, ఒండ్రు తర్వాత దిగుతుంది. ఒక పూట ఆగి పైనుంచి గ్లాసెడు ముంచి, గోదావరిలో ఇసుకే లేదని ఎవరైనా అంటే ఏమంటావు? నువ్వు చూస్తున్నది ఆ గ్లాసు.

అమ్మాయి: ఇది గట్టి మాట. దీనికి నా దగ్గర సగం జవాబే ఉంది. పడటం, దిగడం కలిపి మూడు దశలుగా చూస్తాం. పడటం మొదలైన కొత్తలో దిగడం ఇంకా లెక్కలోకి రాదు, పైన ఏముందో రాతిలోనూ అదే ఉంటుంది. తర్వాత పడేదీ దిగేదీ సరితూగుతాయి. అప్పుడు ఇనుము త్వరగా దిగుతుంది కాబట్టి కనిపించిన దానికన్నా ఎక్కువ పడిందని సరిచేసుకోవాలి, ఆ సవరణ ఎంతో తెలుసు. మూడోది పడటం ఆగిపోయాక వచ్చే దశ. ఇనుము, కాల్షియం ముందు పోతాయి, మెగ్నీషియం చివరిదాకా తచ్చాడుతుంది. అప్పుడు చూసినవాళ్లకు ఇనుము లేని రాయి కనిపిస్తుంది.

బాబాయి: చూసినవాళ్లు మాంటిల్ ముక్క, అంటే నడిగర్భానికీ పైపెంకుకీ మధ్య రాతి పొర ముక్క, దొరికిందని పేపరు రాస్తారు!

(నా మాట ఒకటి ఇక్కడ చెప్పాలి. ఈ విషయం మీద పత్రికల్లో వచ్చే వ్యాసాలు ఎక్కువగా ఈ మలుపు దగ్గర మౌనంగా దాటిపోతాయి. ఫలానా నక్షత్రం గ్రహపు నడిగర్భాన్ని మింగింది అని శీర్షిక పెట్టి ఊరుకుంటాయి. బాబాయి వేసిన ఈ ప్రశ్న ఈ శాస్త్రంలో అన్నిటికన్నా బరువైనదని నా నమ్మకం. దీన్ని దాచిపెడితే చదివేవాళ్లకు అన్యాయం చేసినట్టే.)

అమ్మాయి: ఏ దశలో ఉందో తెలిసిన నక్షత్రాలున్నాయి. వేడి హైడ్రోజన్ నక్షత్రంలో దిగడానికి రోజులు, నెలలు చాలు. దాని చుట్టూ ధూళి బిళ్ల కూడా కనిపిస్తుంటే పడటం ఇప్పుడు జరుగుతోందని తెలిసిపోతుంది. పడిందే కాసేపట్లో దిగిపోతోంది కాబట్టి అది రెండో దశే, అందులో ఊహకు చోటు లేదు. జీ29-38 అలాంటిదే. చిక్కంతా చల్లటి హీలియం నక్షత్రాలతోనే. వాటిలో పదార్థం లక్షల ఏళ్లు నిలవడం వల్ల ఎక్కువ పోగవుతుంది, గీతలు ఎక్కువ దొరుకుతాయి, కానీ గడియారం కనిపించదు.

బాబాయి: గడియారం లేని చోటే మీవాళ్లు రాళ్లకు కొత్త పేర్లు పెట్టారు. నేనూ చదివాను. 2021లో కీత్ పుటిర్కా, సీయీ షు రాసింది. పుటిర్కా భూగర్భశాస్త్రవేత్తే, మా మనిషి. 23 నక్షత్రాల లెక్కలు తీసుకుని, సౌరకుటుంబంలో ఎక్కడా లేని రాళ్లున్నాయని, క్వార్ట్జ్ పైరాక్సినైట్, పెరిక్లేజ్ డ్యూనైట్ అని పేర్లు కట్టాడు. క్వార్ట్జ్, పైరాక్సీన్ ఒకే రాతిలో అంతంత ఉండే మాంటిల్! ఉంటే అద్భుతమే. భూకంపాలు, పర్వతాలు, అగ్నిపర్వతాలు అన్నీ వేరే రకంగా నడుస్తాయి అక్కడ. కానీ మెగ్నీషియం, సిలికాన్ కొలతలో ఒక్కోసారి రెండింతల తేడా ఉండే చోట, ఆ రెండిటి నిష్పత్తి మీదే నిలబడే పేరు ఎలా పెడతావు?

అమ్మాయి: ఆ ప్రశ్న మావాళ్లూ వేశారు. 2023లో ఇసబెల్లా ట్రైర్‌వైలర్, డోయల్, యంగ్ 31 నక్షత్రాలను కొలతల్లో ఉండే తేడాలతో సహా మళ్లీ చూశారు. సగానికి పైగా కాండ్రైట్ ఉల్కల కూర్పుతో సరిపోతున్నాయి. కాండ్రైట్ అంటే గ్రహాలు తయారు కాకముందున్న ముడిసరుకు. విడ్డూరమైన రాళ్లు అనుకున్నవి చాలావరకు మామూలు రాళ్లే కావచ్చు. రాతి పేరు దగ్గర మీ మాటే నెగ్గింది. పేరు నేనూ పెట్టను.

బాబాయి: ఇంకొకటి కూడా వదులుకోవాలి నువ్వు. గ్రహం అన్నమాట. హీలియం నక్షత్రాల్లో పోగైన సరుకంతా కూడితే ఎంతుంటుంది?

అమ్మాయి: వెస్టా, సీరిస్ లాంటి గ్రహశకలాలంత. ఎక్కువగా అంతకన్నా తక్కువే.

బాబాయి: మరి? గ్రహం కట్టగా మిగిలిన కంకర అది. ఇంటి పేరు చెప్పి ఇంటి ముందున్న కంకర చూపిస్తున్నావు. ఎప్పుడో మన సూర్యుడు మరుగుజ్జు అయ్యాక, ఎవరో దాని వర్ణపటం తీస్తే వాళ్లకు దొరికేది గ్రహశకలాల పట్టీ. దక్కన్ పీఠభూమి దొరకదు, హిమాలయాలు దొరకవు, సముద్రం దొరకదు. భూమి అసలు ఉందో లేదో కూడా ఆ గీతల్లో తెలియదు.

అమ్మాయి: భూమి తెలియదు. భూమి దేనితో తయారైందో తెలుస్తుంది. మీరు కాండ్రైట్లతోనే కదా భూమి మొత్తం కూర్పు చెబుతారు? నడిగర్భం నుంచి ఎవరూ గుప్పెడు ఇనుము తేలేదు. ఉల్కలు చూసి, భూకంప తరంగాలు చూసి, లెక్క కట్టి చెబుతున్నారు. ఆ లెక్కను మీరు శాస్త్రమంటారు.

బాబాయి: ఉల్కను చేత్తో పట్టుకున్నాం.

అమ్మాయి: మన సూర్యుడి ఉల్కను. వేరే సూర్యుడి ఉల్క ఇలా తప్ప మనకు రాదు. పైగా కంకరలోనూ చరిత్ర ఉంది. కొన్ని నక్షత్రాల్లో ఇనుము కాల్షియంతో పోలిస్తే మరీ ఎక్కువ, కొన్నిట్లో మరీ తక్కువ. ఎక్కువున్నవి నడిగర్భపు ముక్కలనుకుందాం. చిన్న శకలంలో ఇనుము కరిగి నడుమకు చేరాలంటే వేడి కావాలి. చిన్నదానికి తన బరువుతో అంత వేడి పుట్టదు. అల్యూమినియం-26 అనే రేడియోధార్మిక ఐసోటోపు క్షీణిస్తూ ఆ వేడి ఇవ్వాలి. దాని అర్ధాయువు 7 లక్షల ఏళ్లు. అది అయిపోకముందే శకలం తయారవ్వాలి. 2022లో ఏమీ బాన్సర్ బృందం 200కు పైగా మరుగుజ్జులు చూసి ఇదే వాదించింది. ఆ శకలాలు నక్షత్రం పుట్టిన కొత్తలోనే, గ్రహాలు కట్టుకునే పని నక్షత్రంతో పాటే మొదలైనప్పుడు తయారయ్యాయని. ఆరిపోయిన నక్షత్రం తన పుట్టుక నాటి సంగతి చెబుతోంది.

బాబాయి: నడిగర్భమనుకుందాం, అన్నావు. అనుకోవడం మీద ఎంత కట్టావో చూడు. 2021లో లిథియం గొడవ ఏమైంది? ముసలి మరుగుజ్జుల్లో లిథియం దొరికింది. ఒక బృందం అది గ్రహాల పైపెంకు అంది, సోడియం, పొటాషియం తోడు చూపించి. ఇంకో బృందం కాదంది. ఆ నక్షత్రాలు పుట్టినప్పుడు విశ్వంలో బరువైన మూలకాలు తక్కువ, మహావిస్ఫోటం నాటి లిథియం మాత్రం ఉంది, కనక రాతిలో దాని పాలు ఎక్కువ కనిపిస్తోంది అంది. ఒకటే గీత, రెండు కథలు. ఒకటి రాతి కథ, రెండోది విశ్వం కథ.

అమ్మాయి: రెండు కథలూ వేర్వేరు జోస్యాలు చెబుతాయి కాబట్టి తేలుతుంది. ఒక గీత మీద వాదిస్తే తేలదు, అంతే. మీరే చెప్పండి, దిగడం వల్ల ఇనుము తగ్గిందా, మాంటిల్ కావడం వల్ల తగ్గిందా అని మీరైతే ఎలా విడదీస్తారు?

బాబాయి: (కాసేపు ఆలోచించి) నీ నక్షత్రం వేరుచేసేది బరువును బట్టి. భూమి వేరుచేసింది స్వభావాన్ని బట్టి. ఇనుముతో కలిసి కిందికి పోవడానికి ఇష్టపడేవి కొన్ని, రాతితో పైన ఉండిపోయేవి కొన్ని. ఈ రెండు వరసలూ ఎక్కడ అడ్డం తిరుగుతాయో అక్కడ చూడాలి. ఇనుము, కాల్షియం నీ నక్షత్రంలో దాదాపు ఒకే వేగంతో దిగుతాయా?

అమ్మాయి: దగ్గర దగ్గరగా. మెగ్నీషియం వాటికన్నా బాగా నెమ్మది.

బాబాయి: అయితే దిగడం వల్లే అయితే ఇనుముతో పాటు కాల్షియం కూడా తగ్గాలి. మాంటిల్ అయితే ఇనుము తగ్గి కాల్షియం నిలబడాలి. ఇంకా మంచిది నికెల్. భూమి మొత్తం మీద ఇనుము 32 శాతం, నికెల్ 1.8 శాతం. మాంటిల్‌లో ఇనుము 6 శాతం మిగిలింది, నికెల్ 0.2 శాతానికి పడిపోయింది. ఇనుము అయిదో వంతైతే నికెల్ తొమ్మిదో వంతైంది. ఎందుకంటే ఇనుము కొంత ఆక్సిజన్‌తో కలిసి రాతిలో ఉండిపోతుంది, నికెల్ దాదాపు పూర్తిగా లోహంతో పోతుంది. బరువులో మాత్రం రెండూ పక్కపక్కనే. కాబట్టి దిగడం వల్ల ఇనుము, నికెల్ కలిసి తగ్గాలి, వాటి నిష్పత్తి పెద్దగా కదలకూడదు. నికెల్ ఇనుముకన్నా ఎక్కువ తగ్గిన నక్షత్రం చూపించు, అది మాంటిల్ ముక్కని నేనే సంతకం పెడతాను.

అమ్మాయి: నికెల్ గీతలు బలహీనం బాబాయ్. చాలావాటికి అతినీలలోహితంలో చూడాలి, హబుల్ మీద సమయం దొరకాలి. నమ్మదగ్గట్టు కొలిచినవి తక్కువ.

బాబాయి: ఆ తక్కువవాటితోనే మొదలుపెట్టు. ముందు నువ్వన్న వేడి హైడ్రోజన్ నక్షత్రాలు తీసుకో, ధూళి బిళ్ల ఉన్నవి, గడియారం తెలిసినవి. వాటి నిష్పత్తులు కొలతలో తేడాలతో సహా ఒక కాగితం మీద ఆక్సైడ్‌లుగా రాసి నాకివ్వు. హీలియం వాటిని తర్వాత చూద్దాం. గ్రహం అన్నమాట అప్పటిదాకా రాయకు.

అమ్మాయి: గ్రహ వ్యవస్థ అని రాస్తాను. గ్రహాలు కదల్చకపోతే ఆ శకలం నక్షత్రం దాకా వచ్చేదే కాదు. 2020లో డబ్ల్యూడీ 1856+534 అనే మరుగుజ్జు చుట్టూ గురుడంత గ్రహం 1.4 రోజులకోసారి తిరుగుతూ దొరికింది. ఆ నక్షత్రం కన్నా అదే ఏడింతలు పెద్దది. కదిల్చేవాళ్లు అక్కడ ఉన్నారు.

బాబాయి: ఆ నక్షత్రంలో కాల్షియం గీత ఉందా?

అమ్మాయి: లేదు.

బాబాయి: మరి గ్రహం ఉన్నచోట రాళ్లు లేవు, రాళ్లున్నచోట గ్రహం కనబడదు. ఆ కాగితంతో పాటు దీనికి జవాబు కూడా తీసుకురా.